పందొమ్మిది పత్రాలు, పన్నెండు ముద్రలు

మధ్యాహ్నం పన్నెండూ పదికి డిటెక్టివ్ ఆఫీసు తలుపు తోసుకుని ఇద్దరు ఆడవాళ్ళు లోపలికొచ్చారు. పెద్దావిడకి యాభై అయిదేళ్ళుంటాయి. కళ్ళు కనపడవు, చెవులు వినపడవు. వెంట వచ్చిన పొడుగాటి అమ్మాయి ఆవిడ చేతిని తన చేతిలో పెట్టుకుని, వేళ్ళ కణుపుల మీదా అరచేతి మధ్యలోనూ చకచకా తాకుతోంది. ఆవిడ కూడా అంతే వేగంగా ఆ అమ్మాయి చేతిలో జవాబిస్తోంది.

డిటెక్టివ్ టీ గ్లాసు పక్కన పెట్టింది. ఆవిణ్ణి అందరూ గడియారమ్మ అంటారు. ఎవరేం చెప్పినా "ఎన్నింటికి?" అని అడగనిదే ఊరుకోదు కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. ఎదురుగా అనరు గానీ, అన్నా ఆవిడ ఏమీ అనుకోదు.

"నేను పిన్ని మాటలే చెబుతానండీ. నా మాటలు కలపను. మీరన్నవన్నీ పిన్నికి చెబుతాను, ఏదీ దాచను. అది మా పద్ధతి," అంది పొడుగమ్మాయి. తర్వాత గొంతు మార్చకుండానే పిన్ని మాటలు మొదలుపెట్టింది. "మా ఆయన విశ్వవిద్యాలయంలో రికార్డు గది గుమాస్తా. ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఏడు కాగితాలు మాయం చేశాడని ఈ సాయంత్రం నాలుగింటికి సభలో పెట్టి ఉద్యోగంలోంచి తీసేస్తారట. ఆయన చెయ్యలేదు. నిన్న రాత్రి అన్నం ముందు కూర్చుని, చెయ్యి ప్లేటులోనే పెట్టుకుని ఉండిపోయాడు. ఆ మనిషి దొంగ కాడు."

"ఏం కాగితాలు?"

సంగతి మెల్లిగా బయటికొచ్చింది. ఆ విశ్వవిద్యాలయంలో అరవై నాలుగు కోర్సులున్నాయి. అయిదేళ్ళకోసారి ఒక్కోదాన్నీ తూకం వేస్తారు. ఎంతమంది చేరుతున్నారు, ఎంతమంది చివరిదాకా ఉంటున్నారు, ఎంతమందికి పని దొరుకుతోంది, చదివినవాళ్ళు ఏమంటున్నారు, ఇలా అన్నిటికీ కలిపి వంద మార్కులు. అరవై దాటితే కోర్సు అలాగే సాగుతుంది. నలభైకీ అరవైకీ మధ్య వస్తే ఏదైనా పెద్ద కోర్సులో కలిపేస్తారు. నలభై కూడా రాకపోతే మూసేస్తారు.

చూపూ వినికిడీ రెండూ లేనివాళ్ళతో చేతుల్లో మాట్లాడడం నేర్పే చిన్న కోర్సు ఒకటుంది. దాన్ని అక్కడ అందరూ 'చేతిమాట' అంటారు. నేర్పేది ఒక ప్రొఫెసరమ్మ. పొడుగమ్మాయి అందులోనే చదువుతోంది. ఇప్పుడు చదువుతున్న నలుగురికీ, ఈ మూడేళ్ళలో చదివి వెళ్ళిన పదిహేనుమందికీ కలిపి పందొమ్మిది అభిప్రాయ పత్రాలు ఇచ్చారు. పందొమ్మిదీ తిరిగొచ్చాయని గుమాస్తా రిజిస్టరులో రాశాడు. నిన్న రెండింటికి కమిటీ కవరు తెరిస్తే పన్నెండే ఉన్నాయి. కనీసం మూడింట రెండు వంతులమంది రాయకపోతే ఆ పద్దు కింద సున్నా వేస్తారు. పందొమ్మిదికి పదమూడు కావాలి. ఒక్కటి తక్కువైంది. సున్నా పడింది. మొత్తం ముప్ఫై ఎనిమిది వచ్చి కోర్సు మూతకి సిద్ధమైంది.

గడియారమ్మ పొడుగమ్మాయి వంక చూసింది. "నువ్వూ అక్కడే ఉన్నావుగా. ఎవరు చేసుంటారనుకుంటున్నావు?"

అప్పటిదాకా ఆగకుండా ఆడిన అమ్మాయి వేళ్ళు పిన్ని అరచేతిలో ఆగిపోయాయి. రెండు క్షణాల తర్వాత ఆ ప్రశ్నని కూడా పిన్నికి చెప్పి, "నేను మాట మోసేదాన్ని మాత్రమేనండీ," అంది.

గడియారమ్మ ఆ రెండు క్షణాల్నీ మనసులో రాసుకుని చెప్పులేసుకుంది.

* * *

పన్నెండూ యాభైకి రికార్డు గది గుమ్మంలో విజిలెన్సు ఆఫీసరు అడ్డంగా నిలబడి ఉన్నాడు. ఇక్కడో చిక్కుంది. ఆ విజిలెన్సు ఆఫీసరు గడియారమ్మకి స్వయానా మరిది. చనిపోయిన భర్తకి తమ్ముడు. పోలీసు ఉద్యోగంలోంచి ఇక్కడికొచ్చాడు. వదిన చేతి వంట తిని పెరిగిన కుర్రాడే గానీ, కేసు దగ్గరికొచ్చేసరికి ఇద్దరూ ఉప్పూ నిప్పూ.

"మేడమ్, బయటివాళ్ళు లోపలికి రాకూడదు," అన్నాడు పక్కన ప్యూను ఉండడం చూసి.

"ఆరోపణ పడ్డవాడి తరపు మనిషి రికార్డు చూడొచ్చని మీ నియమాల్లోనే ఉంది. తొమ్మిదో పేజీ. తెచ్చి చదవమంటావా?"

ప్యూను నవ్వు ఆపుకుంటూ వెళ్ళిపోయాడు. మరిది గొంతు తగ్గించాడు. "వదినా, అనవసరంగా తల దూర్చకు. తీగంతా లాగేశాను. పది ఇరవైకి కవరు అంటించి సీలు వేశారు. పదకొండూ అయిదు నుంచి పదకొండున్నరదాకా ఈ గదికి తాళం. తాళంచెవి ఆయన జేబులో. వేరే తాళంచెవి లేదు. ఇంకెవరు తీస్తారు?"

"కవరు మీద సీలు పగిలిందా?"

"లేదు."

"అంటించిన చోట ప్రొఫెసరమ్మ సంతకం?"

"అదీ చెదరలేదు. కమిటీ పక్కన కత్తిరించి తెరిచింది."

"అలాంటప్పుడు పదకొండూ అయిదుతో నీకేం పని? సీలు వేసేటప్పటికే లోపల పన్నెండే ఉన్నాయి. పాతిక నిమిషాల తాళం కథ నీ డైరీలోనే దాచుకో."

మరిదికి మొహం కందగడ్డయింది. "అయితే సీలు వెయ్యకముందే తీశాడు. పోగొట్టి, పోయిన సంగతి కప్పిపుచ్చడానికి పందొమ్మిదని రాశాడు. ఎలా చూసినా ఆయనే!"

గుమాస్తా లోపల బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. చొక్కా జేబు అంచున వరసగా గుండుసూదులు గుచ్చి ఉన్నాయి. ఎవరి కాగితాలు విడిపోయినా అందులోంచి ఒకటి తీసిస్తాడని పిల్లలు ఆయన్ని పిన్నుల బాబాయి అంటారు. అందుకే ఆయన భార్య అందరికీ పిన్ని అయింది. గడియారమ్మని చూడగానే లేచి నమస్కారం పెట్టాడు.

"మా ఆవిడే పంపించిందాండీ? ఈ ఎండలో ఎందుకొచ్చిందో," అన్నాడు.

"కూర్చోండి బాబాయిగారూ. పెట్టె సంగతి చెప్పండి."

ఆయన చెప్పాడు. పత్రాలు వెయ్యడానికి ప్రతి క్లాసులోనూ ఒక తాళం పెట్టె పది రోజులు ఉంచుతారు. పెట్టె క్లాసులో ఉన్నా తాళంచెవి మాత్రం ఈయన గుత్తిలోనే ఉంటుంది. నిన్న పొద్దున ప్రొఫెసరమ్మ తాళం పెట్టెని తనే మోసుకొచ్చింది. బల్ల మీద ఆవిడ ఎదుటే తెరిచాడు. ఒక్కో పత్రం మీద అంకెల ముద్ర కొట్టాడు.

"ఎన్నింటికి తెరిచారు?"

"పదింటికి."

"లెక్కపెట్టారా?"

"పెట్టానండీ. పందొమ్మిది." బాబాయి కళ్ళు బల్ల మీదున్నాయి.

గడియారమ్మ రిజిస్టరు దగ్గరికి లాక్కుంది. ఎడమ వైపు 'ఇచ్చినవి', కుడి వైపు 'వచ్చినవి'. ఎడమ వైపు అంకెలన్నీ నీలం సిరాతో ఉన్నాయి. అవి పది రోజుల కిందటివి. కుడి వైపున్నవి నల్ల సిరాతో ఉన్నాయి. అవి నిన్నటివి. అరవై నాలుగు వరసల్లో ఒక్క వరసలో మాత్రం కుడి వైపు అంకె కూడా నీలమే. అది చేతిమాట వరస.

ఆవిడ ఏమీ అనకుండా పన్నెండు పత్రాలూ వరసగా పరిచింది. ప్రతి పత్రం మూలనా ఒకటి నుంచి పందొమ్మిదిదాకా అచ్చువేసిన సంఖ్య ఉంటుంది. అందులో లేని ఏడు సంఖ్యల్నీ చిన్న పుస్తకంలో రాసుకుంది. తర్వాత ముద్రలు చూసింది. బాబాయి కొట్టే ముద్రయంత్రం నొక్కినప్పుడల్లా తనంతట తానే ఒక అంకె ముందుకి జరుగుతుంది. నాలుగువేల నాలుగువందల ఒకటి నుంచి నాలుగువేల నాలుగువందల పన్నెండుదాకా ఒక్క అంకె కూడా జారిపోకుండా ఉన్నాయి.

"దీని తర్వాత ఏ కోర్సు పత్రాలు కొట్టారు?"

మరిదే అవతలి కవరు తెచ్చి చూశాడు. మొదటి పత్రం మీద నాలుగువేల నాలుగువందల పదమూడు ఉంది.

"చూశావుగా," అంది గడియారమ్మ. "ఈ బల్ల మీదికి వచ్చినవే పన్నెండు. బాబాయిగారూ, ఆ పందొమ్మిది మీరు నిన్న రాయలేదు. పది రోజుల కిందట పత్రాలు ఇచ్చిన రోజునే, ఆ కలంతోనే రాసేశారు. అవునా?"

పెద్దాయన చేతులు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. "పదకొండేళ్ళుగా ఆ తల్లి క్లాసునుంచి ఒక్క కాగితం తక్కువ రాలేదండీ. మిగతావాళ్ళవి అయిదో పదో తగ్గుతూనే ఉంటాయి. ఆవిడవి ఎప్పుడూ..." అని ఆగిపోయి, తల గట్టిగా ఊపాడు. "లేదండీ. నిన్ననే రాశాను. లెక్కపెట్టే రాశాను. పందొమ్మిదీ వచ్చాయి. ఈ గదిలోనే పోయాయి. తప్పు నాది."

"ఎందుకు బాబాయిగారూ ఇలా మొండికేస్తారు? ముద్రలే మిమ్మల్ని వదిలిపెట్టమంటున్నాయి!"

"నా సంగతి వదిలెయ్యండమ్మా. మీకు పుణ్యముంటుంది."

మరిది చేతులు కట్టుకున్నాడు. "విన్నావుగా వదినా. తప్పు నాదని ఆయనే అంటుంటే నువ్వు కాదంటావేం? ముద్ర కొట్టకముందే ఏడు కింద పడేసుకుని ఉండొచ్చు. ఆ ఏడూ తెచ్చి చూపించు, అప్పుడు వింటాను."

అతని మాటలో కొంత న్యాయముంది. గడియారమ్మకి ఒళ్ళు మండింది. మరిది మీద కాదు. ఇంత మెత్తటి మనిషి ఇంత గట్టిగా అబద్ధమాడుతున్నాడంటే అది తన కోసం కాదని ఆవిడకి తెలుసు. ఎవరి కోసమో మాత్రం ఇంకా తెలియలేదు. గోడ మీద ఒంటిగంటా యాభై అయింది.

* * *

చేతిమాట క్లాసు మూడో అంతస్తు చివర చిన్న గది. గడియారమ్మ వెళ్ళేసరికి రెండింటి క్లాసు నడుస్తోంది. నల్లబల్ల ఉంది గానీ దాని మీద ఏమీ లేదు. నాలుగు కుర్చీల్లో ముగ్గురే ఉన్నారు. ముగ్గురూ కళ్ళకి గంతలు కట్టుకుని, చెవుల్లో దూది పెట్టుకుని కూర్చున్నారు. అరవైకి దగ్గరపడ్డ ప్రొఫెసరమ్మ ఒక్కొక్కరి ముందూ స్టూలు లాక్కుని, చేతులు పట్టుకుని, పదేసి నిమిషాలు మాట్లాడుతోంది. తప్పు చెప్పిన పిల్ల వేలు మీద సుతారంగా తడుతోంది. మధ్యలో ఒకళ్ళకి నవ్వొచ్చి భుజాలు కదిలాయి. గదిలో మాత్రం చప్పుడు లేదు. గడియారమ్మ గుమ్మంలో నిలబడి గంట సేపు చూసింది. పనిమీద వచ్చానన్న సంగతి మర్చిపోయి చూసిందంటే ఆవిడ ఒప్పుకోదు గానీ, నిజం అదే.

మూడూ అయిదుకి పిల్లలు వెళ్ళాక గడియారమ్మ సంగతంతా చెప్పింది. బాబాయి పేరు వినేసరికి ప్రొఫెసరమ్మ స్టూలు మీద కూలబడింది.

"ఆయన్నా? లెక్క తేడా వచ్చిందన్నారు గానీ, ఆయన మీద పెట్టారని నాకెవరూ చెప్పలేదే! అయ్యో, ఆ రిజిస్టరులో నేనూ సంతకం పెట్టానండీ. చూడకుండానే పెట్టాను. ఎప్పుడూ చూడను."

"ఆయనా మీ కాగితాలు లెక్కపెట్టకుండానే రాశారు. సరిపోయింది ఇద్దరికీ."

"ఆయన భార్యకి చూపు పోయిన కొత్తలో రెండు నెలలు వాళ్ళ మధ్య ఒక్క మాట లేదు. అంతకుముందే వినికిడి లేదు కదా. రోజూ ఆఫీసయ్యాక ఈ గదికి ఇద్దరూ వచ్చేవారు. మొదటిసారి ఆవిడ ఆయన చేతిలో ఏమందో తెలుసా? 'చొక్కా బొత్తం ఊడింది, చూసుకోలేదా' అంది. ఆయన పిల్లాడిలా ఏడ్చాడు." ప్రొఫెసరమ్మ కళ్ళు తుడుచుకుని, ఉన్నట్టుండి లేచి నిలబడింది. "పదండి సభకి. ఆ ఏడూ నేనే తీసేశాను."

"మీరా? ఎందుకు?"

"కోర్సు మూసెయ్యాలని."

గడియారమ్మ ఇది ఊహించలేదు. ప్రొఫెసరమ్మ వివరించింది. మార్కులు నలభై దాటితే కోర్సుని కలుపుతారు. కలిపితే సోమవారం నుంచే ఈ గది పోతుంది, ఆవిడ పోస్టు పోతుంది. నలుగురు పిల్లలూ నూట ఇరవైమంది కూర్చునే హాల్లో, తెర మీద బొమ్మలు చూసి పరీక్ష రాయాలి. చేతిలో చెయ్యి పెడితే గానీ రాని విద్య అది. అదే మూసేస్తే వేరే నియమం ఉంది. కొత్తవాళ్ళని చేర్చుకోరు గానీ, చివరి విద్యార్థి పట్టా పుచ్చుకునేదాకా అదే గురువు, అదే గది, అవే గంటలు. పిల్లలకి ఇంకా పదహారు నెలల చదువు మిగిలింది.

"మీ అంచనాకి ఎంత రావాలి?"

"నలభై ఆరు. కలిపేస్తారని నెల రోజులుగా నిద్రలేదు. నిన్న ముప్ఫై ఎనిమిది అని వినగానే హమ్మయ్య అనుకున్నాను. ముప్ఫై ఏళ్ళు పెంచిన కోర్సు పోతోందంటే హమ్మయ్య అనుకున్నానని ఆ తర్వాత సిగ్గేసింది."

గడియారమ్మ ఆవిడ మొహంలోకి చూసింది. "పెట్టె తాళం ఎలా తీశారు?"

"నా దగ్గర తాళంచెవి ఉంది."

"ఏదీ?"

"పారేశాను."

"ఎన్నింటికి?"

ప్రొఫెసరమ్మ తడబడింది. "సోమవారం... సాయంత్రం... ఎన్నింటికో."

"మీకు అబద్ధం చెప్పడం రాదు ప్రొఫెసరమ్మా. ఇంకెవరినో కాయాలని చూస్తున్నారు. అక్కడ బాబాయిగారిదీ ఇదే వరస. మధ్యలో నా ప్రాణాలు తోడేస్తున్నారు," అని గడియారమ్మ గంతల గుడ్డలు మడత పెట్టి ఉన్న నాలుగో కుర్చీ వైపు చూపించింది. "ఆ అమ్మాయి ఇవాళ క్లాసుకెందుకు రాలేదు?"

"ఎన్నడూ మానని పిల్ల. నాకూ తెలీదు," అంది ప్రొఫెసరమ్మ. అది నిజం.

* * *

సభ జరిగే గది ముందు వరండాలో మూడూ నలభై అయిదుకి మరిది చేతిలో ఒక కాగితంతో ఎదురయ్యాడు. వెనకాల బెంచీ మీద బాబాయి కూర్చున్నాడు. మధ్యాహ్నంకన్నా తేలిగ్గా, పెద్ద బరువేదో దించుకున్నట్టు కనిపిస్తున్నాడు.

"రాతపూర్వకంగా ఇచ్చాడు," అన్నాడు మరిది. "ఏడు పత్రాలూ తన చేతులమీదుగానే పోయాయని. కేసు ముగిసింది మేడమ్. ఇంకో శుభవార్త. ఆఫీసు తప్పు వల్ల కాగితాలు పోతే కోర్సుకి నష్టం రాకూడదు, పోయినసారి మార్కులే వెయ్యాలి. పోయినసారి ఎనిమిది. మొత్తం నలభై ఆరు. మీ కోర్సు మూత తప్పింది ప్రొఫెసరమ్మా. సోమవారమే పెద్ద విభాగంలో కలిపేస్తారు."

బాబాయి చేతులు జోడించి లేచాడు. "మీ ఎనిమిది మార్కులూ మీకొచ్చేశాయమ్మా. నాకీ నియమం తెలుసు. నిన్న కవరు తెరవగానే అదే తట్టింది. నా ఉద్యోగం పోతే పోయింది, మీ కోర్సు..." అంటూ ఆవిడ మొహం చూసి ఆగిపోయాడు.

ప్రొఫెసరమ్మ గోడ పట్టుకుంది. గడియారమ్మే ఆయనకి చెప్పింది, మూతంటే ఏమిటో, కలపడమంటే ఏమిటో. పెద్దాయన అరవై నాలుగు కోర్సుల కాగితాలు ఇరవై రెండేళ్ళు కుట్టి దాచాడు. కలిసిన కోర్సులో పిల్లలేమవుతారో ఏ కాగితంలోనూ రాసి ఉండదు. కోర్సు బతికిందనే అనుకున్నాడు పాపం.

"ఎంత పని చేశానమ్మా," అని తల పట్టుకుని కూర్చుండిపోయాడు.

"ఆ కాగితం వెనక్కిచ్చెయ్," అంది గడియారమ్మ మరిదితో.

"ఎలా ఇస్తాను? ఆయన రాసింది అబద్ధమని రుజువేదీ? ఇంకో పదమూడు నిమిషాల్లో లోపలికి పిలుస్తారు."

"పెట్టె తాళంచెవి బాబాయిగారి దగ్గరుంది. పెట్టె ప్రొఫెసరమ్మ దగ్గరుంది. తాళంచెవి ఉన్నాయన దగ్గర పెట్టె లేదు, పెట్టె ఉన్నావిడ దగ్గర తాళంచెవి లేదు. ఇద్దరి ఎదుటా తెరిస్తే పన్నెండొచ్చాయి. అంటే ఏడు అసలు పెట్టెలోనే పడలేదు. ఆ ఏడూ ఎవరెవరివో వాళ్ళ దగ్గరే ఉన్నాయి. నాతో తీసుకురమ్మన్నావుగా? కాసేపు ఆగు, వాటంతటవే వస్తాయి."

"వదినా, నీకేమైనా..."

అతని మాట పూర్తికాలేదు. మెట్ల మీద అడుగుల చప్పుడైంది. పొడుగమ్మాయి ఒక చేత్తో పిన్నిని నడిపించుకుంటూ, రెండో చేత్తో ఒక అట్ట ఫైలు పట్టుకుని వచ్చింది. ఊరంతా పరిగెత్తినట్టు జుట్టు మొహానికి అంటుకుపోయింది. వెనకాల క్లాసులోని ముగ్గురూ ఉన్నారు.

"మేమే బాబాయ్," అంది. ఆ మాటని వెంటనే పిన్ని చేతిలో కూడా చెప్పింది. ఏదీ దాచకపోవడం వాళ్ళ పద్ధతి. "మేం నలుగురం, నిరుడు వెళ్ళిన అక్కలు ముగ్గురు. ఏడుగురం రాయకూడదనుకున్నాం. రాయకపోతే సున్నా వస్తుందనీ, సున్నా వస్తే మూసేస్తారనీ, మూసేస్తే అమ్మగారు పదహారు నెలలు మాతోనే ఉంటారనీ లెక్కేసుకున్నాం. ఎవరికీ చెప్పకూడదని ఒట్టేసుకున్నాం. బాబాయి మీదికొస్తుందని కలలో కూడా అనుకోలేదు. మధ్యాహ్నం నుంచి మిగతా ఆరుగురి దగ్గరికీ తిరిగి, ఒట్టు తీసేయించి, ఇవి తెచ్చాను."

అట్టలోంచి ఏడు ఖాళీ పత్రాలు తీసి మరిది చేతిలో పెట్టింది. గడియారమ్మ తన చిన్న పుస్తకం తెరిచి అతనికి చూపించింది. అతను ఒక్కో పత్రం మూలనున్న సంఖ్యని ఆ పుస్తకంతో సరిచూశాడు. ఏడూ సరిపోయాయి. అయినా పోలీసు బుద్ధి ఎక్కడికి పోతుంది, ఇంకోసారి సరిచూశాడు. తర్వాత పత్రం అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న వాక్యం పైకి చదివాడు.

"ఈ పత్రం నింపడం, నింపకపోవడం విద్యార్థి ఇష్టం."

"నేరమేం జరిగిందో చెప్పు," అంది గడియారమ్మ.

మరిది గొంతు సవరించుకున్నాడు. "బాబాయిగారూ, మీరు రాసింది కొట్టేసి కింద జరిగింది రాయండి. పది రోజుల ముందే అంకె వేశారు కదా, అదీ రాయండి. దానికి చీవాట్లు తప్పవు." అని కలం మూత తీసి తనే అందించాడు. పెద్దాయన కొట్టేసి, కింద మళ్ళీ రాశాడు. మూడూ యాభై ఏడుకి మరిది ఆ కాగితమూ, ఏడు ఖాళీ పత్రాలూ పట్టుకుని లోపలికెళ్ళాడు. గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, "వదినా, నువ్వు పొద్దున్నుంచీ ఏమీ తినుండవు. కాంటీన్‌లో చెప్పాను, ఏదో ఒకటి పంపిస్తారు," అన్నాడు. మేడమ్ అనడం మర్చిపోయాడు.

నాలుగూ పన్నెండుకి బయటికొచ్చాడు. అందరూ లేచి నిలబడ్డారు. పొడుగమ్మాయి చెయ్యి పిన్ని చేతిలో సిద్ధంగా ఉంది.

"బాబాయిగారికి మందలింపు. ఉద్యోగానికేం ఢోకా లేదు," అన్నాడు. పిన్ని చేతిలోకి ఆ మాట వెళ్ళింది. ఆవిడ తడుముకుంటూ వచ్చి భర్త జబ్బ పట్టుకుంది, ఇక వదల్లేదు. "కోర్సుకి ముప్ఫై ఎనిమిది మార్కులే. మూసెయ్యడానికి సభ తీర్మానించింది. వచ్చే ఏడు నుంచి ఎవరినీ చేర్చుకోరు."

కోర్సు మూసేశారని ఆ వరండాలో ఎవరైనా సంతోషించడం అదే మొదటిసారి అయుండాలి. పిల్లలు ఒకళ్ళనొకళ్ళు వాటేసుకున్నారు. ప్రొఫెసరమ్మ మాత్రం కదల్లేదు. పదహారు నెలలు దక్కాయి గానీ, ముప్ఫై ఏళ్ళ పని అక్కడితో ఆగిపోతుందన్న సంగతి ఇప్పుడే ఆవిడకి పూర్తిగా తెలిసొచ్చింది. పొడుగమ్మాయిని దగ్గరికి పిలిచింది.

"మీ నలుగురి కోసం కోర్సునే వదులుకున్నారేమే పిల్లలూ? మీ వెనకాల వచ్చేవాళ్ళ సంగతేమిటి? రేపు పిన్ని లాంటిది ఇంకొకావిడ వస్తే చెయ్యి పట్టుకునేదెవరు?"

"కలిపేసుంటే మాకు సగమే వచ్చేదమ్మగారూ. సగం వచ్చినవాళ్ళం ఇంకొకళ్ళకేం నేర్పుతాం?" అమ్మాయి ఏడుస్తూనే చెప్పింది. "మాకు పూర్తిగా నేర్పండి. ఏ గదీ ఇవ్వకపోయినా మా ఇళ్ళల్లో నేర్పుతాం. అక్కలు ముగ్గురూ అందుకే ఒప్పుకున్నారు. వాళ్ళకి పట్టాలెప్పుడో వచ్చేశాయి కదా, వాళ్ళకేం అవసరం?"

ప్రొఫెసరమ్మ ఆ పిల్ల మొహం రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూసింది. గడియారమ్మ కిటికీ వైపు తిరిగి కళ్ళజోడు తుడుచుకుంది. టైమెంతైందో చూసుకోలేదు.

"పదహారు నెలలంటే ఎంతనుకుంటున్నారు? సెలవులు పోతే పన్నెండు కూడా మిగలవు," అంది ప్రొఫెసరమ్మ చివరికి, పిల్లలందరి వైపూ తిరిగి. "రేపట్నుంచి ఎనిమిదింటికే క్లాసు. ఒక్కళ్ళు ఆలస్యంగా వచ్చినా ఊరుకోను."